కాటన్ కుర్తీకి ‘సస్టైనబుల్’ ట్యాగ్ వేయాలంటే ముందు ఏం కొలవాలి?

బెజవాడ_కుట్టు

అందరికీ నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్‌లో మాకు చిన్న కుట్టు యూనిట్ ఉంది, ఆడవాళ్ల కాటన్ కుర్తీలు, పిల్లల గౌన్లు కుడతాం. గుడ్డ మూడు దారుల్లో వస్తుంది. ఎక్కువ భాగం వన్‌టౌన్ వస్త్రలతలో తానుల లెక్కన కొనే మిల్లు కాటన్, కొంత మంగళగిరి చేనేత, ఇంకొంత పెడనలో అద్దకం వేయించి తెచ్చుకునేది. ఇప్పటిదాకా ఇక్కడి షాపులకే ఇచ్చేవాళ్లం. ఈమధ్య జర్మనీలో బట్టల వ్యాపారం చేసే ఒకరు కుర్తీలు కావాలని అడిగి, ఆర్డరు మాట కంటే ముందు పెద్ద ఎక్సెల్ షీట్ పంపారు. ఒక్కో కుర్తీకి కరెంటు ఎంత, నీళ్లు ఎంత, ఏ రసాయనాలు వాడారు, పనివాళ్లకు జీతం ఎంత, పత్తి ఎక్కడ పండింది, కటింగ్ ముక్కలు ఎక్కడికి పోతాయి, సర్టిఫికెట్లు ఏమున్నాయి... ఇలా కిందికి జరిపే కొద్దీ గడులు వస్తూనే ఉన్నాయి.

ఇద్దరు కన్సల్టెంట్లతో మాట్లాడాను. ఒకాయన సేంద్రియ బట్టలకు ఇచ్చే గాట్స్ సర్టిఫికెట్ తీసుకుంటే అన్ని గడులూ నిండిపోతాయన్నారు, ఫీజు వింటే మా యూనిట్‌కు ఆ ఆర్డరు మీద వచ్చే లాభం దానికే చాలదు. రెండో ఆయన ‘ఎకో ఫ్రెండ్లీ, సస్టైనబుల్’ అని ఆకుపచ్చ ట్యాగ్ వేసేయండి, అందరూ అదే చేస్తున్నారు, ఎవరూ అడగరు అన్నారు. గుడ్డ అమ్మే ఆయన అడగ్గానే ఓకోటెక్స్ సర్టిఫికెట్ జిరాక్స్ ఒకటి చేతిలో పెట్టారు, అది మేం కొన్న తానుదేనో కాదో తెలియదు.

నాకు తెలియని విషయం ట్యాగ్ మీద రాయడం ఇష్టం లేదు. కొనేవాళ్లు ఆ మాట నమ్మి ఎక్కువ డబ్బు ఇస్తారు కదా. అందుకని అడుగుతున్నాను. అసలు ఒక బట్ట పర్యావరణానికి, మనుషులకు ఎంత భారమో లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? చేనేత అంటే తనంతట తానే సస్టైనబుల్ అయిపోతుందా? ‘ఒక టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు’ లాంటి అంకెలు నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తాయి, అవి మా కుర్తీకి వాడుకోవచ్చా? ఈ పని దగ్గరగా చూసినవాళ్లు చెబితే బాగుంటుంది.

ఆడిట్_గుంటూరు

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. నేను కొన్నేళ్లు తిరుపూరు వైపు ఫ్యాక్టరీ ఆడిట్లు చేసి ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను, కాబట్టి కాగితాల వైపు నుంచి చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? పత్తి చేను నుంచి నీ గేటు దాకానా, లేక కొన్నవాళ్లు ఉతికి, కట్టి, చివరికి పారేసేదాకానా? ఐఎస్ఓ 14040, 14044 పద్ధతి ప్రకారం జీవితకాల మదింపు చేసేవాళ్లు కూడా మొదట రాసుకునేది ఆ హద్దే. దేనికి లెక్క కడుతున్నామన్నదీ అప్పుడే రాయాలి. కిలో గుడ్డకా, ఒక కుర్తీకా, ఒక్కసారి తొడుక్కున్నదానికా? కిలో గుడ్డకు లెక్కేస్తే పల్చగా, చవగ్గా, నాలుగు ఉతుకులకే పాడయ్యే గుడ్డ గెలుస్తుంది. తొడుక్కున్న ప్రతిసారికీ లెక్కేస్తే మన్నే గుడ్డ గెలుస్తుంది. చేతిలో ఉన్నది అదే కుర్తీ, ఫలితం మాత్రం తారుమారు. అందుకే ఎవరైనా అంకె చూపిస్తే నేను ముందు దేని మీద లెక్క అని అడుగుతాను.

ఇక భారం ఎక్కడ ఎక్కువో చూద్దాం. క్వాంటిస్ అనే సంస్థ 2018లో ప్రపంచ బట్టల పరిశ్రమ మీద వేసిన లెక్క ప్రకారం కర్బన ఉద్గారాల్లో రంగు, ఫినిషింగ్ వాటా 36 శాతం, నూలు తయారీ వాటా 28 శాతం, పీచు పండించడం లేదా తయారుచేయడం వాటా 15 శాతం. కుట్టు పని వాటా వీటి పక్కన బాగా చిన్నది. అంటే మీ యూనిట్‌లో ఎల్ఈడీ బల్బులు పెట్టి ‘గ్రీన్’ అని రాసుకుంటే అది అసలు చోటును వదిలేసినట్టే. నిన్ను నిరుత్సాహపరచడానికి కాదు, నీ శ్రమ ఎటు పెట్టాలో చెప్పడానికి అంటున్నాను. గుడ్డ కొనేటప్పుడు ఈ రంగు ఎక్కడ వేశారు, ఆ నీళ్లు ఎక్కడికి వెళ్లాయి అని అడగడమే నువ్వు చేయగల అతి పెద్ద పని.

సర్టిఫికెట్ల సంగతి. ఒక్కో సర్టిఫికెట్ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది, మిగతావాటి జోలికి పోదు. నీకిచ్చిన ఓకోటెక్స్ స్టాండర్డ్ 100 తయారైన గుడ్డలో ఒంటికి హాని చేసే రసాయనాలు పరిమితికి లోపల ఉన్నాయా లేదా అన్నది చూస్తుంది. పత్తి ఎలా పండిందో, మిల్లులో పిల్ల ఎన్ని గంటలు నిలబడిందో అది చెప్పదు. పైగా దానికి ఏడాదే గడువు. జిరాక్స్ మీద నంబరు ఉంటుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూడు, ఎవరి పేరు మీద ఉందో ఏ గుడ్డకు ఇచ్చారో అక్కడే తెలిసిపోతుంది. గాట్స్ అయితే సేంద్రియ పీచు కనీసం 70 శాతం ఉండాలి, ‘ఆర్గానిక్’ అని పూర్తిగా రాయాలంటే 95 శాతం. రంగులు, మురుగునీరు, కూలీల పరిస్థితి కూడా చూస్తారు కాబట్టి అది బరువైన సర్టిఫికెట్టే. కానీ జిన్నింగ్ (పత్తి నుంచి గింజ తీయడం) నుంచి కుట్టు దాకా ప్రతి మజిలీకీ ఉండాలి, మధ్యలో ఒక్కరికి లేకపోయినా చివర్లో నువ్వు ఆ లోగో వేయకూడదు. అమ్మేవాడు చూపించే స్కోప్ సర్టిఫికెట్ ‘ఇతనికి ఈ పని చేసే అర్హత ఉంది’ అంటుంది, అంతే. నువ్వు కొన్న ఆ సరుకు అదేనని చెప్పేది ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. అడగాల్సింది దాన్ని. 2020 అక్టోబరులో గాట్స్ వాళ్లే బయటపెట్టారు, మన దేశంలో 20,000 టన్నుల పత్తికి నకిలీ సేంద్రియ పత్రాలు పుట్టించారని.

మనుషుల విషయంలో కాగితాన్ని ఇంకా తక్కువ నమ్మాలి. కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో పనివాళ్ల పరిస్థితులు బాగున్నాయని చెప్పే ఎస్ఏ8000 సర్టిఫికెట్ వచ్చింది, సెప్టెంబరు 11న అక్కడ మంటలు లేచి 250 మందికి పైగా చనిపోయారు. ఆడిట్‌కు వెళ్లిన ప్రతిచోటా నేను రిజిస్టర్ల కంటే ముందు వెనక తలుపుకు తాళం ఉందా అని చూసేది అందుకే.

అంతా_లెక్కే

ఇదంతా పెద్ద పెద్ద బ్రాండ్లకు కదండీ. పది మంది పని చేసే యూనిట్ ఈ లెక్కలన్నీ వేస్తూ కూర్చుంటే కుట్టేది ఎప్పుడు? నా మాట వింటే ఆ జర్మనీ ఆర్డరు వదిలేసి ఇక్కడే అమ్ముకోవడం మేలు.

ఆడిట్_గుంటూరు

ఇక్కడ అమ్మినా తప్పేది కాదండీ. మన దేశంలోనూ 2024 అక్టోబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గ్రీన్‌వాషింగ్ (ఉత్తుత్తి పర్యావరణ గొప్పలు) మీద మార్గదర్శకాలు ఇచ్చింది, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘గ్రీన్’ లాంటి మాటలకు రుజువు చూపాలి. యూరప్‌లో 2026 సెప్టెంబరు 27 నుంచి రుజువు లేని పర్యావరణ గొప్పలు, సొంతంగా తయారుచేసుకున్న ఆకుపచ్చ లేబుళ్లు చట్టవిరుద్ధం. ఆ జర్మనీ ఆయన ఎక్సెల్ పంపింది అది తన మెడకు చుట్టుకోకుండా ఉండేందుకే. ఇక్కడ నాకు బాధ కలిగించేది ఏంటంటే, నియమం పెద్దవాడి మీద పెట్టినా గడులు నింపే పని మాత్రం జారి జారి చివరికి ఇలాంటి చిన్న యూనిట్ నెత్తిన, రైతు నెత్తిన, నేతవాళ్ల నెత్తిన పడుతోంది, ఆ పనికి మాత్రం ఎవరూ డబ్బు కట్టివ్వడం లేదు. అడిగేవాళ్లను ధర దగ్గరే అడగాలి, ఈ లెక్కల ఖర్చు కుర్తీ రేటులో కలుపుతున్నాం అని. అడగడానికి మొహమాటపడొద్దు.

రింగ్‌ఫ్రేమ్

చిలకలూరిపేట దగ్గర స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను. నూలు సంగతి నేను చెబుతా.

ప్రతి మిల్లులోనూ యూకేజీ అని ఒక లెక్క ఉంటుంది, అంటే కిలో నూలుకు ఎన్ని యూనిట్ల కరెంటు పడిందో. ఇది రహస్యం కాదు, మేనేజరు రోజూ చూసే అంకె. నూలు సన్నబడే కొద్దీ పెరుగుతుంది, కోంబింగ్ (పొట్టి పీచు దువ్వి తీసేయడం) ఉంటే ఇంకాస్త పెరుగుతుంది. గాలిలో తేమ నిలిపే హ్యుమిడిఫికేషన్ ఫ్యాన్లు, కంప్రెసర్లు కూడా తినేస్తాయి, కాబట్టి మెషిన్ల మీటరు ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి, మిల్లు మొత్తం బిల్లు మీద లెక్క అడగండి. మీకు నూలు అమ్మినవాడు కిలోకు మూడున్నర యూనిట్లు అన్నాడనుకోండి. మన గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటారు. అంటే కిలో నూలుకు రెండున్నర కిలోల లోపు. కటింగ్‌లో పోయేదీ కలిపి కుర్తీకి 300 గ్రాముల నూలు పడితే 0.7 కిలోలకు కాస్త అటూ ఇటూ. ఇంతే లెక్క, దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు. మిల్లుకు సొంత సోలార్ గానీ గాలిమర ఒప్పందం గానీ ఉంటే ఆ మేరకు తగ్గించుకోవాలి, అయితే ఆ కాగితం కూడా చూపించాలి.

వేస్ట్ గురించి కూడా ఒక గడి ఉంటుంది కదా. స్పిన్నింగ్‌లో పత్తి పెద్దగా వృథా కాదు. దువ్వినప్పుడు రాలే పొట్టి పీచు (కోంబర్ నాయిల్, ఫ్లాట్ స్ట్రిప్) అంతా ముతక నూలు తీసే ఓపెన్ ఎండ్ మిల్లులు కొంటాయి, అంతకుముందు జిన్నింగ్‌లో విడిపోయిన గింజ నూనెకు పోతుంది, చెక్క పశువులకు పోతుంది. ఇవన్నీ కొత్తగా కనిపెట్టిన రీసైక్లింగ్ అని ట్యాగ్ మీద రాస్తున్నారు కొందరు, ఎప్పటి నుంచో ఉన్నదే.

కానీ ఆ షీట్‌లో లేని గడి ఒకటుంది, అది దుమ్ము. పత్తిని విడగొట్టి దువ్వే బ్లోరూమ్‌లో, కార్డింగ్‌లో ఏళ్ల తరబడి పీల్చిన పత్తి దుమ్ముకు ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, దాన్ని బిసినోసిస్ అంటారు. వారం సెలవు తర్వాత పనికి వచ్చిన రోజు ఛాతీ బిగదీసినట్టు అవుతుంది, తర్వాత రోజుల్లో తగ్గినట్టు అనిపిస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. జిన్నింగ్ మిల్లులో అయితే ఇంకా ఘోరం, తలకు గుడ్డ చుట్టుకుని పని చేసే ఆడవాళ్లే ఎక్కువ. మీకు నూలు లేదా గుడ్డ ఇచ్చేవాళ్లను కార్బన్ లెక్కతో పాటు, పనివాళ్లకు ఊపిరి పరీక్ష ఏడాదికోసారైనా చేయిస్తున్నారా అని అడగండి. అడిగేవాళ్లు లేకే చేయించడం లేదు.

నల్లరేగడి

నీళ్ల అంకెల గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను, మాది పల్నాడు వైపు, పత్తీ మిర్చీ రెండూ వేస్తాం.

2,700 లీటర్ల టీషర్టు, కిలో పత్తికి 10,000 లీటర్లు, ఇవి ప్రపంచం మొత్తం మీద వేసిన సగటు లెక్కలు. మీ కుర్తీకి ఇవి పెట్టకూడదు. ఎందుకంటే అందులో ఆకాశం నుంచి పడ్డ వాననీరు, కాలువ లేదా బోరు నుంచి తోడిన నీరు రెండూ కలిసిపోయి ఉంటాయి. మాకు నాగార్జునసాగర్ కుడికాలువ కింద తడి పెట్టే చేలూ ఉన్నాయి, కేవలం వాన మీద ఆధారపడి నల్లరేగడిలో పండే చేలూ ఉన్నాయి. వాన మీద పండిన పత్తి వాడుకున్న నీళ్లు అక్కడ పత్తి వేయకపోయినా ఆ చేలోనే పడేవి. బోరు వేసి భూగర్భం నుంచి తోడింది వేరు, అది పక్క రైతు బావిని ఎండబెడుతుంది. రెంటినీ కలిపి ఒకే అంకె చెబితే ఏ రైతు పొదుపు చేస్తున్నాడో ఎవరికీ తెలియదు. లీటర్ల లెక్క కంటే ‘వర్షాధారమా, కాలువా, బోరా’ అన్న ప్రశ్నకు జవాబు ఉంటే అదే ఎక్కువ విలువైనది.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మొదట్లో పచ్చపురుగు మందులు తగ్గాయి, ఆ మాట నిజం. తర్వాత గులాబీ రంగు పురుగు తట్టుకోవడం నేర్చుకుంది, రసం పీల్చే పురుగులకు మందు ఎలాగూ కొట్టాలి. ఇప్పుడు దేశంలో 90 శాతానికి పైగా పత్తి బీటీయే, అందువల్ల సేంద్రియం చేద్దామనుకున్న రైతుకు మొదటి గోడ విత్తనం దగ్గరే తగులుతుంది, బీటీ కాని మంచి విత్తనం దొరకదు. దొరికినా ఏక వార్షిక పంటకు సేంద్రియ మార్పిడి కాలం రెండేళ్లు, ఆ రెండేళ్లు దిగుబడి తగ్గినా రేటు మామూలుదే.

ఇంకో మాట, ఈ సర్టిఫికెట్ల వాళ్లకు తెలియని మాట. మా దగ్గర చేను దున్నేవాళ్లలో కౌలు రైతులు చాలా ఎక్కువ. పాసుపుస్తకం యజమాని పేరు మీద ఉంటుంది, వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో కౌలుదారుకే తెలియదు. అలాంటివాడిని రెండేళ్లు నేలను మార్చుకో, తర్వాత లాభం వస్తుంది అంటే ఎలా కుదురుతుంది? మదింపు చేసేవాళ్లు చేను ఎవరిదో చూస్తారు, చేసేదెవరో చూడరు. ప్రభుత్వం చేసే ఈ-క్రాప్ పంట నమోదులో సర్వే నంబరుతో సహా ఎవరు సాగు చేశారో ఉంటుంది, నా దృష్టిలో పత్తి ఎక్కడ పండిందో చూపడానికి మన రాష్ట్రంలో చేతికందే కాగితం అదే. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపే ప్రకృతి వ్యవసాయం కింద ఉన్న గ్రామాల్లోనూ అడిగి చూడండి. కాకపోతే ప్రకృతి వ్యవసాయం అంటే గాట్స్ అడిగే సేంద్రియం కాదు, దేని పేరు దానికే రాయండి. పత్తి సాగు మెరుగుపరిచే బెటర్ కాటన్ పథకం కూడా అలాగే, అందులో చాలాకాలం నుంచి మాస్ బ్యాలెన్స్ పద్ధతి ఉంది, అంటే ఆ పద్ధతిలో గుర్తు వేసిన చొక్కాలో ఉన్న పీచు ఆ రైతుదే అయ్యుండాలని లేదు.

చివరగా, జిన్నింగ్ మిల్లులో ఒకే రోజు వంద చేల పత్తి కుప్పగా పోస్తారు. అక్కడ విడిగా ఆడించకపోతే పైన ఎన్ని లెక్కలు రాసినా ఆ పత్తి ఏ ఊరిదో చెప్పలేరు.

గుంటమగ్గం

అన్నా, చేనేత అంటే తనంతట తానే సస్టైనబులా అని అడిగారు, మాది మంగళగిరి, మా ఇంట్లో గుంటమగ్గాలు ఉన్నాయి, నేను డిగ్రీ చదివి ఇప్పుడు మా నాన్నకు లెక్కలు, ఆర్డర్లు చూస్తున్నాను, కాబట్టి మనసులో మాట చెబుతాను. నేతకు కరెంటు అక్కర్లేదు, అది గర్వంగా చెప్పుకోవచ్చు. పడుగుకు పెట్టే గంజి కూడా బియ్యపు గంజి, మిల్లు గుడ్డకు వాడే పీవీఏ లాంటి రసాయన గంజి కాదు, అది నీళ్లలో కలిసినా హాని తక్కువ. కానీ నూలు మాత్రం పైన అన్నయ్య చెప్పిన మిల్లుల నుంచే వస్తుంది, రంగు కూడా చాలావరకు రసాయన రంగే. కాబట్టి ‘చేనేత, కరెంటు లేకుండా నేసినది’ అనండి, అది నిజం. ‘పర్యావరణానికి ఏ హానీ లేదు’ అంటే మాత్రం నిజం కాదు.

రంగు వేయడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ దాటేసేది దీన్నే. నూలుకు రియాక్టివ్ రంగు (పీచుతో రసాయనికంగా కలిసేది) వేసేటప్పుడు రంగంతా నూలుకు పట్టదు, ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా నీళ్లలోనే మిగిలిపోతుంది. పట్టడానికి ఉప్పు వేస్తారు, ముదురు రంగులకైతే లీటరు నీటికి 50 గ్రాములు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. రంగు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి దాన్ని విరగ్గొట్టి తెల్లనీళ్లు చేసి వదిలేస్తే అందరూ శుద్ధి అయిందనుకుంటారు, ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది, మామూలు శుద్ధిలో అది పోదు. తిరుపూరులో నొయ్యల్ నది, ఒరత్తుపాళయం డ్యామ్ పాడైంది ఇలాగే, చివరికి 2011లో మద్రాసు హైకోర్టు డైయింగ్ యూనిట్లను మూయించేదాకా వెళ్లింది. తర్వాత అక్కడ చుక్క నీరు బయటికి వదలకుండా ఆర్వో, ఆవిరి యంత్రాలు పెట్టి ఉప్పును విడదీస్తున్నారు, దానికి కరెంటూ కట్టెలూ బాగా కావాలి. అంటే నది బాగుపడింది, కార్బన్ లెక్క పెరిగింది. ఒక్క అంకె చూసి ఇది మంచిది, అది చెడ్డది అని తేల్చలేం అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

పెడన సంగతి కూడా చూసుకోండి. కరక్కాయ, పటిక, బెల్లం ఇనుము కలిపిన నలుపు, ఇవన్నీ పాత పద్ధతి, అద్దం పెట్టినట్టు అందంగా వస్తుంది. కానీ సహజ రంగు అయినా ఉడకబెట్టడానికి కట్టెలు కావాలి, కాలువలో పారే నీళ్లలో ఉతకాలి. పైగా కలంకారీ పేరుతో పిగ్మెంట్ ప్రింట్ (గుడ్డ పైపైన అంటించే రంగు) వేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అద్దకం వేయించేటప్పుడు నిలబడి చూడండి, ఏం వాడారో బిల్లు మీద రాయించుకోండి.

నేను ఈ చర్చలోకి రావడానికి అసలు కారణం ఇంకోటి ఉంది. షీట్‌లో ‘కార్మికులు’ అని ఒక గడి ఉంటుంది, దాంట్లో మగ్గం మీద కూర్చున్న మనిషి ఒక్కరే లెక్కకు వస్తారు. కండెలు చుట్టేది అమ్మ, ఆసు పోసేది అత్త, అతుకు వేసేటప్పుడు ఇల్లంతా చేతులు వేస్తారు, ఆ గంటలకు విడిగా మజూరీ లేదు, చీరకు ఇచ్చే మజూరీలోనే అందరిదీ కలిసిపోతుంది. మీరు మా దగ్గర గుడ్డ కొని ‘న్యాయమైన కూలి’ అని రాయాలంటే ఆ గంటలన్నీ లెక్కపెట్టి, మజూరీని ఆ గంటలతో భాగించి చూడండి, అప్పుడు రోజు కూలి ఎంత పడుతుందో తెలుస్తుంది. నూలు ఇచ్చి నేయించే మాస్టర్ వీవర్‌కు ఎంత ఇచ్చామన్నది కాదు, మగ్గం దగ్గరికి ఎంత చేరిందన్నది అడగాలి.

ఇంకో చిన్న విషయం. మంగళగిరి అంచులో జరీ ఇప్పుడు ఎక్కువగా పాలిస్టర్ పొర మీద పూత వేసినదే. జరీ అంచు ఉన్న గుడ్డకు ‘100 శాతం కాటన్’ అని ట్యాగ్ వేయకండి. జరీ లేని నూలు అంచు గుడ్డ మా దగ్గరే దొరుకుతుంది, అదే తీసుకోండి.

అంతా_లెక్కే

చేనేత అక్క చెప్పిన మాట మనసుకు తగిలింది. ఒక్క సందేహం. ఈ మధ్య పాత ప్లాస్టిక్ సీసాలతో చేసిన పాలిస్టర్ బట్టలే మంచివి అంటున్నారు కదా, హిగ్ ఇండెక్స్ అని ఏదో స్కోరులో పాలిస్టర్‌కే మంచి మార్కులు వచ్చాయని చదివాను. మరి కాటన్ కుట్టేవాళ్లు తప్పు చేస్తున్నట్టా?

ఆడిట్_గుంటూరు

ఆ స్కోరు మీద పెద్ద గొడవే అయింది. హిగ్ మెటీరియల్స్ ఇండెక్స్ పీచు తయారై ఫ్యాక్టరీ గేటు దాటేవరకే చూస్తుంది. ఉతికినప్పుడు రాలే ప్లాస్టిక్ నలుసులు, పారేశాక కుళ్లకుండా మిగిలిపోవడం అందులో రావు. 2022 జూన్‌లో నార్వే వినియోగదారుల అధికారులు ఒక బ్రాండ్ ఆ స్కోరును ట్యాగ్ మీద వాడడం తప్పుదోవ పట్టించడమే అని తేల్చి, హెచ్ అండ్ ఎంను కూడా హెచ్చరించారు. తర్వాత హిగ్ ఇండెక్స్ నడిపే సంస్థ జనానికి చూపించే ఆ లేబుల్ కార్యక్రమం ఆపేసింది. ఇక సీసాల నుంచి వచ్చే పాలిస్టర్ అంటే, సీసా మళ్లీ సీసా కాగలదు, చొక్కా అయ్యాక మాత్రం దాదాపు ఏదీ తిరిగి చొక్కా కావడం లేదు. పాత బట్ట నుంచి కొత్త పీచు చేయడం ప్రపంచ ఉత్పత్తిలో 1 శాతం కూడా లేదు. నలిగేదాకా తొడుక్కునే కాటన్ కుర్తీని తక్కువ చేయాల్సిన పని లేదు.

ఉతుకు గురించి కూడా ఒక అంకె ఇస్తాను. లీవైస్ వాళ్లు 2015లో తమ 501 జీన్స్ ఒక జతకు జీవితకాలం మొత్తానికి 3,781 లీటర్ల నీరు లెక్కగట్టారు, అందులో 68 శాతం పత్తికి, 23 శాతం ఇంట్లో ఉతకడానికి. ఆ లెక్క ఆ జీన్స్‌ది, తమ్ముడి కుర్తీది కాదు. కానీ ఇంట్లో ఉతకడం ఎంత పెద్ద భాగమో చూడండి. రంగు దిగని గుడ్డ, ఊడని కుట్టు, చల్లనీళ్లలో ఉతకమని ట్యాగ్ మీద ఒక మాట, వీటికి నువ్వు ఎవరినీ అడగక్కర్లేదు.

బెజవాడ_కుట్టు

అందరికీ చాలా థ్యాంక్స్. ఇన్ని వివరాలు ఏ కన్సల్టెంటూ చెప్పలేదు. ఇలా చేద్దామనుకుంటున్నాను. మూడు రకాల గుడ్డలకూ ఒకేసారి కాకుండా, మంగళగిరి నూలు అంచు గుడ్డతో కుట్టే ఒక్క రకం కుర్తీ తీసుకుంటాను. హద్దు నూలు మిల్లు నుంచి మా గేటు దాకా. నూలు ఏ మిల్లుదో అక్క వాళ్లను అడిగి యూకేజీ కనుక్కుంటాను. మా యూనిట్‌లో మీటరు బిల్లు, ఇస్త్రీ బాయిలర్ గ్యాసు కుట్టిన కుర్తీల మీద పంచుతాను. పాత క్లచ్ మోటార్లు కుట్టకపోయినా తిరుగుతూ కరెంటు తాగుతాయి, వాటిని సర్వో మోటార్లకు మార్చాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాం, ముందు ఒక నెల ఉన్నది ఉన్నట్టు కొలిచి, మార్చాక మళ్లీ కొలుస్తాను. కటింగ్ ముక్కలు ఇప్పుడు మున్సిపల్ బండికే పోతున్నాయి, వాటిని తూకం వేయడం మొదలుపెట్టాను.

మా దగ్గర కుట్టే ఆడవాళ్లను పీసు రేటు మీద కాకుండా గంటల మీద లెక్కేసి చూస్తే కనీస వేతనం పడుతోందా అన్నది కూడా ఈ వారమే చూస్తాను. ఆ గడి నిజంగా నింపాలంటే ముందు మా ఇంటి లెక్కే తేలాలి.

ఒక్కటే అడ్డం. రంగు వేసేవాళ్లను నీళ్లు ఎంత, ఉప్పు ఎంత, ఎక్కడికి వదులుతారు అని అడిగితే ఫోన్‌లో సరిగ్గా జవాబు రావడం లేదు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చానేమోనని భయపడుతున్నారు. వాళ్లు చెప్పకపోతే ఆ గడి ఏం చేయాలి?

ఆడిట్_గుంటూరు

‘సమాచారం అందలేదు’ అని రాయి. పుస్తకంలోని సగటు అంకె పెట్టినా, అది సగటు అని పక్కనే రాయి. ఖాళీ గడి చూసి ఆర్డరు వదులుకునేవాళ్లు తక్కువ, కల్పించిన అంకె తర్వాత బయటపడితే మాత్రం మళ్లీ నీ మొహం చూడరు. ట్యాగ్ మీద ‘సస్టైనబుల్’ అనే మాటే వద్దు. ‘మంగళగిరిలో గుంటమగ్గం మీద నేసిన నూలు గుడ్డ, విజయవాడలో కుట్టినది, రంగు రియాక్టివ్, చల్లనీళ్లలో ఉతకండి’ అని రాయి. ప్రతి మాటకూ నీ దగ్గర బిల్లు ఉంటుంది.

గుంటమగ్గం

అన్నా, ఫోన్‌లో అడిగితే ఎవరూ చెప్పరు. వాళ్లు కూడా అద్దె షెడ్డులో, అప్పుతో రంగు తెచ్చుకుని చేసేవాళ్లే, శుద్ధి ప్లాంటు పెట్టే స్తోమత ఒక్కరికి ఉండదు, పదిమంది కలిస్తేనే కుదురుతుంది. మీలాంటి కొనేవాళ్లు నలుగురు కలిసి కిలో నూలుకు రంగు కూలి కొంచెం పెంచి ఇస్తాం, ఉమ్మడి ప్లాంటుకు వాటా కింద పక్కన పెట్టండి అంటే వాళ్లు కూర్చుని మాట్లాడతారు, నేను అడిగి చూశాను. మీరు మంగళగిరి వచ్చేటప్పుడు మెసేజ్ పెట్టండి, మేం రంగుకు నూలు ఇచ్చే ఆయన దగ్గరికి నాన్న తీసుకెళ్తారు. ఉదయం ఏడింటికల్లా రండి, మొదటి తొట్టె అప్పుడే కలుపుతారు. ఉప్పు బస్తా ఎంత వేస్తున్నారో, నీళ్లు ఎన్ని పడుతున్నాయో, కాలువ ఎటు పోతోందో అన్నీ అక్కడే చూసి రాసుకోవచ్చు.